సెగను కొలిచే మాటలు

2020 కరోనా వేసవిలో ఒకరోజు సికింద్రాబాద్ లాలాగూడలో ఒక మందుల దుకాణం ముందు వరుసలో నిలబడ్డాను. తలుపు దగ్గర ఒక కుర్రాడు తెల్లటి థర్మల్ గన్ పట్టుకుని, వచ్చిన ప్రతివాళ్ళ నుదుటికీ ఎక్కుపెడుతున్నాడు. నా ముందున్న పెద్దావిడ కొంగు నుదుటి మీదికి లాక్కుని, ముంజేయి చాచి, "తలకు వద్దు బిడ్డా, చేతికి కొట్టు" అంది. కుర్రాడు చేతికే కొట్టాడు. 33 అని అంకె వచ్చింది. ఆవిడ లోపలికి వెళ్ళింది. తర్వాత చెమట పట్టిన నా నుదుటికి కొట్టాడు, 34. బతికున్న మనిషి ఒంటి వేడి 33 డిగ్రీలేమిటని ఆ వరుసలో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ గన్ నుంచి వచ్చే కిరణాలు మెదడును దెబ్బతీస్తాయని ఆ రోజుల్లో ఒక పుకారు ఫోన్లలో దేశదేశాలూ తిరిగింది. కొలత కోసం ఆ పరికరం మన మీదికి పంపేది ఏమీ లేదు. మన ఒంటి నుంచి ఎల్లవేళలా బయలుదేరే సెగలో కొంత దాని లోపలికి వెళుతుంది, అంతే. పెద్దావిడ భయాన్ని అజ్ఞానం అనడానికి నాకు మనసొప్పదు. పేరులోనే తుపాకీ ఉంది. దానికి జనం కలిపిన క్రియ 'కొట్టు'. ఆ రెండు మాటలూ విన్నవాళ్ళు లోపలి నుంచి ఏదో దూసుకొస్తుందని అనుకోక ఇంకేమనుకుంటారు? ముట్టుకోకుండా వేడిని కొలిచే విద్యలో జరిగే పొరపాట్లు చాలావరకు ఇలా మాటల దగ్గరే మొదలవుతాయని ఆ తర్వాత కొన్నేళ్ళలో నాకు గట్టిగా అనిపించింది. అందుకే ఆ మాటలను వరుసగా పట్టి చూడాలనిపించింది: పాఠ్యపుస్తకాల్లో ఉన్నవి, పరికరం మీద అచ్చయినవి, పనివాళ్ళ నోట నలుగుతున్నవి.

ఈ పరిశీలనకు లాలాగూడను మించిన చోటు నాకు తోచదు. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. 1893లో నిజాం రైల్వే లాలాగూడలో వర్క్‌షాపు పెట్టింది. వస్తువు వేడెక్కే కొద్దీ అది వెలువరించే వికిరణపు శిఖరం పొట్టి తరంగాల వైపు జరుగుతుందని జర్మనీలో విల్‌హెల్మ్ వీన్ తేల్చి చెప్పినదీ ఆ ఏడాదే. ఆ రెండు సంగతులకూ అప్పట్లో ఏ సంబంధమూ లేదు. ఇప్పుడు మాత్రం ఉంది. దక్షిణ మధ్య రైల్వే క్యారేజ్ వర్క్‌షాపు, ఎలక్ట్రిక్ లోకో షెడ్, రైల్వే సెంట్రల్ హాస్పిటల్ మూడూ లాలాగూడలోనే ఉన్నాయి. ఒకచోట చక్రాల బేరింగుల వేడి, ఒకచోట ఇంజన్ లోపలి కరెంటు జాయింట్ల వేడి, ఒకచోట మనుషుల ఒంటి వేడి. మూడింటికీ పనికొచ్చే సూత్రం ఒకటే, మాటలు మాత్రం మూడు రకాలు.

రైల్వే ఇళ్ళల్లో 'హాట్ యాక్సిల్' అన్న మాట తెలియని పిల్లలుండరు. ఇరుసు కొన బేరింగులో తిరుగుతుంది, ఆ బేరింగు యాక్సిల్ బాక్స్‌లో ఉంటుంది. పాతకాలంలో తెల్లలోహం పూత ఉన్న ఇత్తడి దిమ్మ కింద, నూనెలో నానిన దూది పీచు మీద ఇరుసు తిరిగేది. నూనె ఎండితే రాపిడి, రాపిడి వల్ల వేడి, ఆ వేడికి మిగిలిన నూనె కూడా కాలిపోవడం. ముందు వాసన, తర్వాత పొగ. అప్పటికీ ఎవరూ పట్టుకోకపోతే ఇరుసు కొన మెత్తబడి తెగిపోతుంది, బండి పట్టాలు తప్పుతుంది. ఇప్పుడు రోలర్ బేరింగులు వచ్చాయి, గ్రీజు లోపలే మూసి ఉంటుంది, ప్రమాదం బాగా తగ్గింది. కానీ పోలేదు. బండి స్టేషన్లోకి వస్తున్నప్పుడు టీఎక్స్ఆర్, అంటే ట్రెయిన్ ఎగ్జామినర్, అతని మనుషులు ఒక పక్కగా నిలబడి కదిలే చక్రాలను చూస్తారు, వింటారు, వాసన పడతారు. దీన్ని 'రోలింగ్ ఇన్' అంటారు. బండి ఆగాక ఒకప్పుడు అరచేతి వెనక భాగాన్ని బాక్సు దగ్గరగా పెట్టి చూసేవాళ్ళు. జ్వరం వచ్చిన బిడ్డను తల్లి చూసేదీ చేతి వెనక భాగంతోనే. ఇప్పుడు ఆ చేతిలో నాన్-కాంటాక్ట్ థర్మామీటర్ ఉంది. మనిషితో పనిలేకుండా పట్టాల పక్కనే ఉండి, వెళ్ళే ప్రతి బాక్సు సెగనూ పట్టే డిటెక్టర్లు కూడా రైల్వేల్లోకి వచ్చాయి.

మాటలతో చిక్కు ఎలా వస్తుందో చెప్పడానికి ఇక్కడే ఒక చిన్న ఉదాహరణ ఉంది. మనం 'బోగీ' అంటే ప్రయాణికులు కూర్చునే పెట్టె. వర్క్‌షాపులో 'బోగీ' అంటే ఆ పెట్టె కింద ఉండే చక్రాల చట్రం. పెట్టెను 'కోచ్' అంటారు. 'బోగీ వేడెక్కింది' అన్న వార్త చదివిన ప్రయాణికుడు ఏసీ పనిచేయడం లేదనుకుంటాడు. లాలాగూడ ఫిట్టర్ వెంటనే చక్రాల వైపు చూస్తాడు.

ఇక అసలు మాట, వేడి. తెలుగులో దీనికి కరువు లేదు. వేడి, కాక, సెగ, వెచ్చన, ఉడుకు, ఉక్క. ఇవి ఒకదానికొకటి పర్యాయపదాలు కావు. ఉక్క గాలిది, తేమది. కాక వస్తువులో ఉంటుంది, కొలిమిలో ఇనుము కాక మీద ఉంటుంది. సెగ మాత్రం దూరం నుంచి తగులుతుంది. చలిమంట దగ్గర కూర్చున్నప్పుడు ముఖం చుర్రుమంటుంది, వీపు వణుకుతూనే ఉంటుంది. మధ్యలో ఎవరైనా వచ్చి నిలబడితే సెగ ఆగిపోతుంది. గాలి వల్ల వచ్చే వేడికైతే అలా నీడ పడదు. అంటే సెగ నేరుగా, గీత గీసినట్టు ప్రయాణిస్తుందని, అడ్డం వస్తే ఆగుతుందని మన పల్లెవాళ్ళకు ఏనాడో తెలుసు. భౌతికశాస్త్రం దీన్నే ఉష్ణ వికిరణం అంటుంది. వహనం, సంవహనం, వికిరణం అని పిల్లలు వల్లెవేస్తారు. మూడోదానికి ఎదురుగా 'సెగ' అన్న ఒక్క మాట పుస్తకంలో ఉంటే ఆ వల్లెవేత అవసరం సగం తగ్గేదని నా నమ్మకం.

సెగ నిప్పుకే ఉంటుందనుకోవడం ఒక పొరపాటు. మంచుగడ్డ కూడా సెగ విడుస్తుంది. 33 డిగ్రీల చర్మం చదరపు మీటరుకు దాదాపు 490 వాట్లు విడుస్తుంది. చుట్టూ ఉన్న గోడలు, నేల, చెట్లు దాదాపు అంతే తిరిగి మన మీదికి విడుస్తాయి కనుక మనకా సంగతి తెలియదు. 1879లో ఆస్ట్రియాలో జోసెఫ్ స్టెఫాన్ కొలతల నుంచి, 1884లో బోల్ట్జ్‌మన్ సిద్ధాంతం నుంచి ఒకే మాట చెప్పారు: సెగ పరమ ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుంది. వస్తువు కొంచెం వేడెక్కినా సెగ బాగా పెరుగుతుంది. ముట్టుకోని థర్మామీటరు అంతా ఈ నాలుగో ఘాతం మీద ఆధారపడి బతుకుతోంది. ఎంత సెగ పడిందో చూసి, వెనక్కి లెక్కగట్టి, ఎంత వేడి ఉండి ఉండాలో చెబుతుంది. అంటే అది ఉష్ణోగ్రతను కొలవదు, ఊహిస్తుంది. ఊహకు ఆధారమైన విషయాలు తప్పయితే అంకె తప్పుతుంది.

'ఇన్‌ఫ్రారెడ్' అన్న మాటకు తెలుగు 'పరారుణ'. పర, అరుణ. ఎరుపుకు అవతలిది. హిందీలో 'అవరక్త' అన్నారు, ఎరుపుకు దిగువది. ఉర్దూలో 'జేరీన్ సుర్ఖ్' అన్నారు, అదీ దిగువదే. ఆ రెండూ ఇంగ్లీషు మాటలోని లాటిన్ ముక్కను అనుసరించాయి. తెలుగు మాట ప్రయోగాన్ని అనుసరించింది. 1800లో విలియం హెర్షెల్ గాజు పట్టకంతో ఎండను రంగులుగా విడదీసి, నలుపు పూసిన థర్మామీటరు గుండ్లను ఒక్కో రంగులో పెట్టి చూశాడు. ఎరుపు దాటి, ఏ రంగూ కనిపించని చోట పాదరసం ఇంకా పైకి లేచింది. ఆయన నిలబడ్డ చోటు నుంచి చూస్తే అది ఎరుపుకు కింద లేదు, అవతల ఉంది. అందుకే పరారుణ అన్నది నాకు ఈ మూడు భాషల మాటల్లోనూ మేలైనదిగా కనిపిస్తుంది.

చిక్కు పరారుణతో రాలేదు, దాని పక్కన చేరిన 'కిరణాలు'తో వచ్చింది. తెలుగువాళ్ళ చెవికి కిరణాలంటే ఎక్స్‌రే, కాన్సర్ వార్డు, మొబైల్ టవరు. పైగా ఇన్‌ఫ్రారెడ్ అన్న ఒకే పేరును మూడు వేరువేరు వస్తువులకు తగిలించారు. టీవీ రిమోట్ ఇన్‌ఫ్రారెడ్‌ను పంపుతుంది, ఎరుపుకు కాస్త పక్కనే ఉన్న తరంగాలు అవి. ఫిజియోథెరపీలో నడుము నొప్పికి పెట్టే దీపం కూడా పంపుతుంది. థర్మామీటరు మాత్రం పుచ్చుకుంటుంది, అదీ చాలా దూరంలో ఉన్న 8 నుంచి 14 మైక్రాన్ల తరంగాలను. మన ఒంటి సెగ శిఖరం 9 మైక్రాన్ల దాపున ఉంటుందని వీన్ సూత్రం చెబుతుంది. ఆ పరిధిలో గాలి పెద్దగా అడ్డుపడదు కూడా. కార్ఖానాల గన్నుల్లో కనిపించే ఎర్ర చుక్క లేజరు. అది ఎటు చూస్తున్నామో చూపడానికే, కొలతలో దానికి పాత్ర లేదు. దాన్ని కళ్ళలోకి కొట్టకూడదన్నది వేరే సంగతి, అది నిజమైన జాగ్రత్త. పంపే యంత్రానికీ పుచ్చుకునే యంత్రానికీ పేరులో తేడా కనిపించకపోతే జనం రెండింటికీ ఒకేలా భయపడతారు, లేదా ఒకేలా భయపడడం మానేస్తారు.

ఈ విద్యలో అన్నిటికన్నా బరువైన మాట ఎమిసివిటీ. పరికరం మీద ఎప్సిలాన్ అనే గ్రీకు అక్షరం రూపంలో ఉంటుంది. తెలుగు పుస్తకాల్లో 'ఉద్గారత'. రెండు వస్తువులు ఒకే వేడి మీద ఉన్నా రెండూ ఒకే సెగ విడవవు. విడవగలిగిన దానిలో ఎంత వంతు విడుస్తోందో చెప్పే అంకె ఇది. చర్మం దాదాపు 0.98. రంగు వేసిన ఇనుము, నల్ల ఇన్సులేషన్ టేపు 0.95 దరిదాపుల్లో. తుప్పు పట్టిన ఇనుము 0.8 దాకా ఉండొచ్చు. నున్నగా మెరిసే ఉక్కు 0.1, 0.2కు పడిపోతుంది. మెరుగుపెట్టిన అల్యూమినియం ఇంకా తక్కువ. రోజూ బండ్లు తిరిగే పట్టా తల నున్నగా మెరుస్తుంది, పట్టా పక్కభాగం తుప్పు రంగులో ఉంటుంది. ఒకే పట్టా, ఒకే వేడి, రెండుచోట్ల గన్ పెడితే రెండు అంకెలు.

లెక్క వేసి చూద్దాం. ఒక బేరింగు మూత 80 డిగ్రీల సెల్సియస్ మీద ఉంది. చుట్టూ 30. మూత నున్నగా ఉంది, దాని ఉద్గారత 0.2. గన్‌లో మాత్రం ఎప్పటిలాగే 0.95 పెట్టి ఉంది. స్టెఫాన్ సూత్రంతో లెక్కిస్తే గన్ చూపేది దాదాపు 42, 43 డిగ్రీలు. ముట్టుకుంటే చేయి కాలే లోహాన్ని గోరువెచ్చన అని చెబుతుంది. గన్ చెడిపోలేదు, బ్యాటరీ బాగుంది, పట్టుకున్నవాడు నిర్లక్ష్యంగా లేడు. ఒక్క మాట అర్థం కాలేదు, అంతే.

మరి ఆ మాట ఎందుకు అర్థం కాదు? 'ఉద్గారం' అంటే పాత నిఘంటువుల్లో వాంతి, త్రేన్పు. నేటి దినపత్రికల్లో 'ఉద్గారాలు' అంటే ఫ్యాక్టరీ పొగ, కార్బన్ లెక్కలు. ఉద్గారత అన్న మాట చూసిన పాఠకుడి మనసు కాలుష్యం వైపు పోతుంది. అటు వర్క్‌షాపులో 'ఎమిసివిటీ సెట్టింగ్' అంటారు, కానీ సెట్టింగ్ అన్నాక అది గన్‌కు సంబంధించిన గుణమనిపిస్తుంది. అది గన్ గుణం కాదు, ఎదుటి వస్తువు పైపొర గుణం.

నా మటుకు నేను దీన్ని 'విడుపు' అంటాను. జత మాట కూడా సిద్ధంగా ఉంది: పట్టు. 1860 ప్రాంతంలో కిర్కాఫ్ చెప్పిన నియమం, బాగా శోషించే వస్తువే బాగా ఉద్గారిస్తుందన్నది, తెలుగులో నాలుగు మాటల్లో ఒదుగుతుంది: పట్టు ఎంతో విడుపు అంత. పట్టువిడుపులు తెలియని మనిషి అని మనవాళ్ళు అంటూనే ఉంటారు. ఆ జంటను శాస్త్రానికి అప్పిస్తే శోషణ సామర్థ్యం, ఉద్గార సామర్థ్యం అని బట్టీ పట్టిన విద్యార్థికి ఒక్కసారి ఊపిరి ఆడుతుంది. పైగా ఆ జత మూడోదాన్ని కూడా పట్టుకొస్తుంది. పట్టనిదాన్ని వస్తువు ఏం చేస్తుంది? తిరగగొడుతుంది. మెరిసే లోహం తన సెగ తక్కువ విడిచి, చుట్టూ ఉన్న వస్తువుల సెగను అద్దంలా మన మీదికి తిప్పుతుంది. తోమిన ఇత్తడి చెంబులో మన ముఖం కనిపించినట్టే, తోమిన చెంబుకు గన్ పెడితే మన ముఖం వేడి కనిపిస్తుంది. పుస్తకాలు దీన్ని 'పరావర్తిత ఉష్ణోగ్రత' అంటాయి. 'అద్దపు వేడి' అంటే వంటింట్లో ఉన్నవాళ్ళకు కూడా తెలుస్తుంది. నిలువెండలో నున్నటి స్టెయిన్‌లెస్ స్టీల్ కోచ్ పైకప్పుకు గన్ పెట్టినప్పుడు చాలావరకు వచ్చేది ఆకాశపు వేడే, అది కప్పు వేడి కన్నా ఎంతో తక్కువ.

కట్టెల పొయ్యి మీద మసిబారిన గిన్నె అడుగు ఎందుకంత తొందరగా వేడెక్కుతుందో మా ఇంట్లో ఎవరూ చెప్పలేదు గానీ, ఆ మసిని పూర్తిగా తోమేయొద్దనేవాళ్ళు. హెర్షెల్ తన థర్మామీటరు గుండ్లకు నలుపు పూసింది కూడా పట్టు కోసమే.

నలుపంటే గుర్తొచ్చింది, 'కృష్ణ వస్తువు'. కిర్కాఫ్ పెట్టిన పేరుకు తెలుగు సేత. తన మీద పడిన సెగనంతా పట్టేసే, కనుక విడవగలిగినదంతా విడిచే ఆదర్శ వస్తువు. విడుపు సరిగ్గా 1. ఈ మాట విద్యార్థిని రెండు రకాలుగా దారి తప్పిస్తుంది. నల్లగా కనిపించేదల్లా కృష్ణ వస్తువేనేమో అనుకుంటాడు. కంటికి తెల్లగా కనిపించే గోడ సున్నం, కాగితం, చర్మం ఏ రంగుదైనా సరే, 8 నుంచి 14 మైక్రాన్ల దగ్గర దాదాపు నల్లనివే. కంటి నలుపు వేరు, సెగ నలుపు వేరు. రెండోది, కృష్ణ వస్తువు వెలగదనుకుంటాడు. సూర్యుడు ఇంచుమించు కృష్ణ వస్తువు! ఈ భావానికి నాకు తెలిసిన మంచి బొమ్మ కొలిమి గూడు. గోడలన్నీ ఒకే వేడి మీద ఉన్న గూటికి ఒక చిన్న రంధ్రం ఉంటే, ఆ రంధ్రంలోకి పోయిన సెగ లోపలే కొట్టుకుని చిక్కిపోతుంది, బయటికి వచ్చేది గూటి వేడిని మాత్రమే చెబుతుంది. గన్నులను సరిచూసే పరికరాలు కూడా ఇలాంటి గూళ్ళే, లేదా నల్లపూత పూసి ఒకే వేడి మీద ఉంచిన పలకలు. 1900లో ప్లాంక్ ఆ గూటి సెగను లెక్కగట్టబోయి శక్తిని పొట్లాలుగా భావించాల్సి వచ్చింది, అక్కడి నుంచి క్వాంటం శాస్త్రం మొదలైంది. గూటి పేరు నలుపు కావడం చరిత్ర చేసిన పని. తెలుగులో 'సెగ గూడు' అని పక్కన రాసుకుంటే పాఠం నిలుస్తుంది.

ఇక దూరం సంగతి. గన్ పక్కన 12:1 అని రాసి ఉంటుంది. దూరానికీ, అది చూసే చుక్క వెడల్పుకూ ఉన్న నిష్పత్తి అది. 1.2 మీటర్ల నుంచి చూస్తే 10 సెంటీమీటర్ల వృత్తం, 3 మీటర్ల నుంచి 25, 6 మీటర్ల నుంచి అర మీటరు. యాక్సిల్ బాక్స్ ముందు మూత జానెడో, జానెడున్నరో ఉంటుంది. ప్లాట్‌ఫాం మీద నిలబడి అవతలి లైను బండికి గన్ పెడితే ఆ వృత్తంలో మూతతో పాటు చట్రం, కంకర, బండి కింది చీకటి అన్నీ పడతాయి. వచ్చేది అందరి సగటు. లేజరు చుక్క మాత్రం చిన్నగా, సరిగ్గా మూత మధ్యలో మెరుస్తుంటుంది. కొలిచే వృత్తం ఆ చుక్కంతే అన్న భ్రమ ఈ రంగంలో అతి పెద్ద మోసం. ఇంగ్లీషులో రెండింటినీ 'స్పాట్' అనే అంటారు కనుక అక్కడా ఈ చిక్కు తప్పలేదు. మనం లేజరుది 'చుక్క', కొలతది 'వృత్తం' అని విడదీసి పిలిస్తే ఖర్చేమీ లేదు. అనుభవమున్న పనివాళ్ళు నిష్పత్తి గురించి మాట్లాడరు, "దగ్గరికి పోయి కొట్టు" అంటారు. అది చాలు. దగ్గరికి పోయాక ఒక కోచ్‌కు ఉన్న ఎనిమిది బాక్సులనూ ఒకే దూరం నుంచి చూస్తే, ఏడు ఒక తీరుగా ఉండి ఎనిమిదోది వేరుగా ఉంటే, విడుపు కాస్త తప్పు పెట్టినా సరే దోషి బయటపడుతుంది.

పరికరం తెర మీది తతిమ్మా మాటలను త్వరగా దాటేయవచ్చు. 'హోల్డ్' అంటే అంకె నిలిచిపోయిందని, 'మ్యాక్స్' అంటే నొక్కినంత సేపట్లో కనిపించిన గరిష్ఠం అని. 'రిజల్యూషన్ 0.1' అన్నదొక్కటే ఆగి చూడాల్సింది. అంకె పదో వంతు దాకా మారుతుంది, మామూలు కార్ఖానా గన్ నిజానికి రెండు డిగ్రీలు అటూ ఇటూ ఉంటుంది. సన్నగా చూపడం వేరు, నిజం చూపడం వేరు. తెలుగులో ఈ రెండింటికీ జనం 'ఖచ్చితం' అనే ఒక్క మాటే వాడటం నన్ను బాధిస్తుంది. మొదటిదాన్ని సూక్ష్మత అని, రెండోదాన్ని యథార్థత అని వాడుకలోకి తేవాలి.

మందుల దుకాణం దగ్గరి 33కు ఇప్పుడు జవాబు చెప్పగలను. నుదుటి చర్మం, ముంజేయి చర్మం మన లోపలి ఒంటి వేడి మీద ఉండవు. చర్మం ఎప్పుడూ కొన్ని డిగ్రీలు చల్లన, చెమట ఆరుతుంటే ఇంకా చల్లన. వైద్యానికి చేసిన గన్‌లో 'బాడీ' అని ఒక పద్ధతి ఉంటుంది. అది నుదుటి వేడికి ఒక దిద్దుబాటు కలిపి ఒంటి వేడిగా చూపుతుంది. 'సర్ఫేస్' పద్ధతి దిద్దుబాటు లేకుండా ఉన్నది ఉన్నట్టు చూపుతుంది. ఆ కుర్రాడి గన్ సర్ఫేస్‌లో ఉండి ఉండాలి, లేదా అది కార్ఖానా గన్ అయి ఉండాలి. అది నిజమే చెప్పింది, అడిగిన ప్రశ్నే వేరు. 2020 మే 1న లింగంపల్లి నుంచి హటియాకు వలస కార్మికులతో దేశంలో తొలి శ్రామిక రైలు బయలుదేరినప్పుడు కూడా ఎక్కేముందు ఇలాగే వేడి చూశారు. ఇళ్ళకు చేరగలమా అన్న ఆత్రంలో ఉన్న మనుషులకు, ఆ అంకె దారి తెరిచే తాళంచెవి. అలాంటి చోట 'బాడీ', 'సర్ఫేస్' అని ఇంగ్లీషులో ఉన్న రెండు మాటలు 'ఒళ్ళు', 'పైపొర' అని తెలుగులో ఉండి ఉంటే గన్ పట్టుకున్నవాడికి ఎంత మేలు!

లోకో షెడ్డుకు వెళితే అంకె బదులు బొమ్మ వస్తుంది. థర్మల్ కెమెరా. రైల్వే వాళ్ళు 'థర్మోవిజన్' అని కూడా అంటారు. లాలాగూడ షెడ్డులో ఉండే డబ్ల్యూఏపీ-7 లాంటి ఇంజన్లలో వదులైన ఒక బోల్టు, తుప్పు పట్టిన ఒక లగ్ (తీగ కొనకు తొడిగే లోహపు ముక్క) చాలు, ఆ చోట నిరోధం పెరిగి వేడి పుడుతుంది. 25 వేల వోల్టుల పైతీగ జాయింట్ల దగ్గరా అంతే. కరెంటు నడుస్తుండగా చేయి పెట్టలేం, సెగ మాత్రం తనంతట తానే వస్తుంది. ఇక్కడ మాటల కన్నా రంగులు ఎక్కువ మోసం చేస్తాయి. బొమ్మలో ఎరుపు అంటే ప్రమాదకరమైన వేడి అని కాదు, ఆ బొమ్మలో ఉన్నవాటిలోకెల్లా వేడిది అని. 31 డిగ్రీల గోడ మీద 33 డిగ్రీల చేయి కూడా ఎర్రగా మండిపోతూ కనిపించగలదు. అందుకే పక్కనే అలాంటిదే మరో జాయింటు, అంతే కరెంటు మోస్తున్నది, దానితో పోల్చి తేడా చూస్తారు. ఈ తేడాను ఇంజనీర్లు 'డెల్టా-టి' అంటారు. కరెంటు సగమైతే పుట్టే వేడి పావు వంతవుతుంది కనుక, బండి ఖాళీగా నిలబడినప్పుడు తీసిన చల్లటి బొమ్మను చూసి నిశ్చింతగా ఉండకూడదు. ఇంకో ముఖ్యమైన మాట, గాజు. కంటికి పారదర్శకం, 8 నుంచి 14 మైక్రాన్ల సెగకు గోడ. ఏసీ కోచ్ కిటికీ గుండా బయటి వస్తువుకు గన్ పెడితే కిటికీ వేడి వస్తుంది. పల్చటి పాలిథీన్ కవరు మాత్రం ఆ సెగకు చాలావరకు దారి ఇస్తుంది. 'పారదర్శకం' అన్న మాటకు ఎప్పుడూ 'దేనికి?' అన్న ప్రశ్న తోడుండాలి.

ఈ మాటలను ఎవరు చేశారు, ఎలా చేశారు? తెలుగులో శాస్త్రం రాయాలన్న పట్టుదల కొత్తది కాదు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావు, ఆయన మిత్రులు ఈ హైదరాబాద్‌లోనే విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. 1917లో ఇదే ఊళ్ళో ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం దారుల్ తర్జుమా అనే అనువాద విభాగం మొదలై, శాస్త్రపదాలను ఉర్దూలో కుప్పలుగా తయారుచేసింది. 1961లో కేంద్రం శాస్త్ర, సాంకేతిక పదాల కమిషన్‌ను ఏర్పాటు చేసింది. 1968లో తెలుగు అకాడమి వచ్చింది, ఇంటర్మీడియట్ పుస్తకాలు, పారిభాషిక పదకోశాలు వచ్చాయి. ఢిల్లీ నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో పనిచేసిన మహీధర నళినీమోహన్ లాంటివాళ్ళు శాస్త్రాన్ని కథలా చెప్పి చూపించారు. దేశపు కొలతలన్నిటికీ మూలప్రమాణాలు ఉంచే చోట పనిచేసిన మనిషి అంత హాయైన తెలుగు రాశాడన్నది నాకు ఎప్పుడూ ధైర్యమిచ్చే విషయం.

అకాడమి చేసిన పని పెద్దది, దాన్ని తక్కువ చేయను. వికిరణం, శోషణం, పరావర్తనం, తరంగదైర్ఘ్యం లేకపోతే నాలాంటివాడు ఈ వ్యాసం రాయలేడు. నా ఫిర్యాదు ఒక్కటే. ఆ మాటలు చేసినవాళ్ళు సంస్కృతపు పదమూలాల దగ్గరికి వెళ్ళినంత శ్రద్ధగా కొలిమి దగ్గరికి, వంటింటికి, లాలాగూడ వర్క్‌షాపుకు వెళ్ళలేదు. వెళ్ళి ఉంటే సెగ, కాక, పట్టు, విడుపు వాళ్ళ చేతికి దొరికేవి. దీనికి ఎదురు వాదన నాకు తెలుసు. పరీక్ష రాసే పిల్లవాడు రేపు ఇంజనీరింగ్‌లో ఇంగ్లీషులోనే చదవాలి, ఇన్ని కొత్త తెలుగు మాటలెందుకు అంటారు. అందులో నిజముంది. అందుకే థర్మల్ గన్‌కు తెలుగు పేరు చేయమని నేననను. గన్ గన్‌గానే ఉండనీయండి, బేరింగ్, కోచ్, క్యాలిబ్రేషన్ అలాగే ఉండనీయండి. వస్తువు పేరు ఏ భాషదైనా చేయి దాన్ని పట్టుకోగలదు. కానీ విడుపు వస్తువు కాదు, ఆలోచన. ఆలోచన తన భాషలో లేనివాడు గన్‌ను పట్టుకుంటాడు గానీ అంకెను పట్టుకోలేడు.

మొన్న ఇంట్లో చిన్న ప్రయోగం చేశాం. ఒక స్టీలు గ్లాసు నిండా బాగా కాగిన నీళ్ళు పోశాం. గ్లాసు బయట ఒక పక్క నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, అది గ్లాసు వేడిని అందుకునేదాకా ఆగాం. మా అన్న కూతురు ఏడో తరగతి. గన్ ఆ పిల్ల చేతికిచ్చాను. ముందు మెరిసే స్టీలుకు పెట్టింది, అంకె చూసి "చల్లారిపోయాయి బాబాయ్" అంది. తర్వాత టేపుకు పెట్టి గబుక్కున గన్ దించేసింది. కాసేపు గ్లాసునే చూస్తూ నిలబడి, "ఏది నిజం?" అని అడిగింది. వేలు పెట్టి చూడబోతుంటే ఆపాను. అప్పుడు స్టీలు ఎందుకు తక్కువ చూపిందో చెప్పడానికి నాకు పట్టు, విడుపు అన్న రెండు మాటలే కావలసి వచ్చాయి. రెండో గ్లాసుకు పసుపు రంగు కాగితం అంటించి చూస్తానని ఆ పిల్ల గోందు కోసం వెళ్ళింది.